ఉపసర్గల వరస

ఆ గురువారం కస్తూరి వేసుకున్న ప్రణాళిక సులువైనదే. పొద్దున లైబ్రరీకి వెళ్లి, పన్నెండింటికి ఎడిన్‌బర్గ్‌లోని తన ఫ్లాట్‌కు తిరిగొచ్చి, నాన్నతో కలిసి భోంచేసి, రెండింటికి డిపార్ట్‌మెంట్‌లో పరీక్షకు కూర్చోవాలి. స్లావిక్, కెల్టిక్ భాషల్లో మాటల ముందు చేరే ఉపసర్గలు ఎక్కడివి, ఏ అర్థాన్ని మోస్తున్నాయి అన్నది ఆమె పరిశోధన. ఈ పరీక్ష పోతే డిగ్రీ పోయినట్టే. హాల్లో నడవవద్దని నాన్నకు చెప్పి వెళ్లింది.

సదాశివం గారు గుంటూరులో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. భార్య పోయిన నాలుగు నెలలకు కూతురి దగ్గరికి వచ్చారు. ఆమెకు భారం కాకూడదన్నదే ఆయన పట్టుదల. హాల్లోకి తొంగి చూస్తే కార్పెట్ మీద నూట ఎనభై కార్డులు పరిచి ఉన్నాయి. చదువుకునే కాగితం నేల మీద, మనుషులు తిరిగే చోట ఉండటం ఆయన భరించలేకపోయారు. ఒక్కొక్కటే తీసి, కళ్లకద్దుకుని, బల్ల మీద దొంతరగా పేర్చారు. చివరి కార్డు తీశాక గానీ, ఆ పరచడంలో ఏదో వరస ఉండి ఉంటుందన్న ఆలోచన రాలేదు.

కార్డుల మీద ఉపసర్గ, భాష పేరు తప్ప అర్థం లేదు. ఆయనకు తెలిసిన వరస ఒక్కటే, పిల్లల చేత వల్లె వేయించిన ఇరవై రెండు సంస్కృత ఉపసర్గలు: ప్ర, పరా, అప, సం, అను... ఆ వరసలోనే సర్దుదామన్నా, ఏది దేనికి సాటో తెలియాలి. వెళ్లి, ఎదురు ఫ్లాట్‌లో ఉండే తెలుగు కుర్రాడు, ఆసుపత్రి రేడియోగ్రాఫర్ ఫయాజ్ తలుపు తట్టారు.

"టెన్షన్ వడకుండ్రి అంకుల్," అన్నాడు ఫయాజ్. "కింద ఫ్లాట్ల పోలండ్ ఆంటీ ఉంది. పైన మెక్లాయిడ్ ఉన్నడు, ఆయనది గేలిక్, ఇక్కడి పాత భాష. ఇద్దర్నీ పిలుస్త."

పోలండ్ ఆవిడ అగ్నియెష్కా వస్తూనే పోలిష్ కార్డులన్నీ తన వైపు లాక్కుంది. ముత్తాతను చెప్పడానికి తాత మాట ముందు తాము 'ప్ర' చేరుస్తామని చెప్పింది. ప్రపితామహుడన్న మాట తలచుకుని సదాశివం గారు ఆ కార్డును అన్నిటికంటే ముందు పెట్టారు. రెండో కార్డు దగ్గర ఆమెకు అనుమానమొచ్చి, వాళ్లమ్మకు వీడియో కాల్ చేసింది. కూతురు చెప్పిన అర్థానికి తల్లి ఒప్పుకోలేదు. రిటైరైన బస్సు డ్రైవర్ మెక్లాయిడ్, తాను పుట్టిన దీవిలో సులువైనదానికి ముందు 'సో', కష్టమైనదానికి ముందు 'డో' చేరుస్తామన్నాడు. మన సు, దుర్ ఇవేగా అంటూ సదాశివం గారు కుర్చీలోంచి లేచిపోయారు. ఆ ఉత్సాహంలో మెక్లాయిడ్ జేబులోంచి పెన్ను తీసి, తనకు నచ్చని గేలిక్ కార్డులన్నీ కొట్టేయడం ఎవరూ గమనించలేదు. గమనించేసరికి ముప్పై ఒకటి పోయాయి.

సరిగ్గా అప్పుడే కస్తూరి తలుపు తీసింది.

"తప్పు నాదేనమ్మా," అన్నారు సదాశివం గారు. "మీ ప్రొఫెసర్ గారికి నేనొచ్చి చెప్తాను. నీ పరీక్ష..."

"పరీక్షకేమైంది నాన్నా? అసలు కార్డులు నిన్ననే డిపార్ట్‌మెంట్‌లో బోర్డుకి అంటించొచ్చాగా. ఇవి టీ ఒలికి తడిసిన పాతవి. తడి కాగితం ఇక్కడి మున్సిపాలిటీ వాళ్లు రీసైక్లింగ్‌లో తీసుకోరని ఆరబెట్టా."

సదాశివం గారు నెమ్మదిగా కూర్చున్నారు. ఫయాజ్ ఆ సంగతి ఇంగ్లీషులో చెప్పాడు. మెక్లాయిడ్ పెన్ను మూతపెట్టి, ఒక క్షణం ఆలోచించి, మళ్లీ తీశాడు. ఫోన్‌లో అగ్నియెష్కా తల్లి ఇంకా మాట్లాడుతూనే ఉంది.

కస్తూరి అన్నం పెట్టుకుంటూ నాన్న వైపు చూసింది. అమ్మ పోయాక ఆయన ఇన్ని మాటలు మాట్లాడటం ఆమె వినలేదు. ఒంటిగంటన్నరకు, బస్‌స్టాప్ దాకా వస్తారా అని అడిగింది.

"నువ్వెళ్లిరా తల్లీ. ఇంకా 'అను' దగ్గరే ఉన్నాం."

ఆ కార్డుల్ని తీసుకుపోయే రీసైక్లింగ్ బండి వచ్చేది మర్నాడు పొద్దున్నేనని బస్సెక్కాక గుర్తొచ్చింది గానీ, ఫోన్ చేసి ఆ నలుగురికీ ఆ మాట చెప్పే ధైర్యం ఆమెకు చాల్లేదు.