జయకర్ సారు సైకిలు ఏ పార్టీది?

నాగరికతలు నదుల ఒడ్డున వెలిశాయని బడి పుస్తకాలు చెబుతాయి. పాపాయపల్లె నాగరికత మాత్రం అంగళ్ల అరుగుల మీద వెలిసింది. (ముద్దనూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఎడమచేతికి తిరిగితే ఈ ఊరు వస్తుంది. తిరగకపోయినా నష్టం లేదు.) ఇక్కడ మనిషి ఏ వర్గమో తెలుసుకోవడానికి ఎవరూ అతని మాట వినరు. ఉప్పు ఎక్కడ కొన్నాడో చూస్తారు.

పైవీధి నారాయణది ఒక వర్గం, కిందివీధి పద్మావతమ్మది ఇంకో వర్గం. బాంబుల కాలంలో వీటిని ఫ్యాక్షన్లు అనేవారు. ఆ తర్వాత జెండాలు వచ్చాయి గనుక పార్టీలు అన్నారు. బాంబులు తగ్గి ఫ్లెక్సీలు పెరిగాయి. (గాలివాన వస్తే ఫ్లెక్సీల కింద కూడా జనం గాయపడుతూనే ఉన్నారు.)

ఈ రెంటికీ నడుమ, చర్చి పక్కింట్లో, మిషన్ బడి లెక్కల మాస్టరు జయకర్ ఏ వర్గమూ కాకుండా కాపురం ఉండేవాడు. ఆ తటస్థతే తండ్రి ఆనందయ్య నుంచి వచ్చిన ఏకైక ఆస్తి. ఆనందయ్య బాంబుల కాలంలో ఒకసారి సరిగ్గా రెండు గుంపుల మధ్య చిక్కుకుని, తర్వాత కోర్టులో ఇద్దరు వకీళ్లకూ "నాకు దుమ్ము మాత్రమే కనపడింది" అని ఒకే జవాబు చెప్పాడు. ఆ తరంలో మంచం మీద పడుకుని చనిపోయిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

తండ్రి పద్ధతినే జయకర్ నియమావళిగా మార్చాడు. బియ్యం పైవీధిలో, కందిపప్పు కిందివీధిలో. క్రాఫు నారాయణ మనిషి దగ్గర, గడ్డం పద్మావతమ్మ మనిషి దగ్గర. ఒకేరోజు ఇద్దరిళ్లలో పెళ్లయితే, ఒకరింట్లో పాయసం దాకా తిని లేవాలి. ఇంకొకరింట్లో మజ్జిగ దగ్గర మొదలుపెట్టాలి. ప్రొద్దుటూరులో అన్నీ దొరుకుతాయి గదా అని అమాయకులు అడగవచ్చు. బయట కొంటే ఇద్దరు నాయకులకూ సమానంగా కోపం వస్తుంది. అంతటి సమానత్వాన్ని తట్టుకుని బతికినవాడు ఊళ్లో లేడు.

ఇదంతా దేనికంటే, ఆ జూన్‌లో బడి హెడ్మాస్టరు కుర్చీ ఖాళీ కాబోతోంది. సీనియారిటీ జయకర్‌దే. యాజమాన్యం అడిగింది ఒక్కటే కాగితం: ఈయన ఏ వర్గానికీ చెందడని పోలీసు స్టేషన్ ఇచ్చే ధ్రువపత్రం. ఆ కుర్చీలో ఒకప్పుడు ఆనందయ్య కూర్చున్నాడు. పెన్సిళ్లు చెక్కేటప్పుడు ఆయన బ్లేడు చేసిన గాట్లు కుర్చీ చేతి మీద ఇంకా ఉన్నాయి. వాటి మీద చెయ్యి ఆనించి కూర్చోవాలని జయకర్‌కు ఇరవై ఆరేళ్లుగా ఆశ.

సరిగ్గా అప్పుడే సైకిలు చెడింది.

షుగరు వచ్చిందని డాక్టరు తొక్కమంటే కొన్న గేర్ల సైకిలు అది. బదిలీ మీద పోతున్న థర్మల్ ప్లాంటు ఇంజనీరు దగ్గర కొన్నాడు. (ఆయనది ఒరిస్సా. నియమావళి ప్రకారం తటస్థ ప్రాంతం.) ప్రొద్దుటూరు మెకానిక్ సిరాజుద్దీన్‌కు చూపించాడు. సిరాజుద్దీన్ సామాన్లు అమ్మడు, బిగించడం మాత్రమే. బాంబుల కాలంలో పెట్టుకున్న కట్టుబాటు.

"చైను సాగింది సార్. క్యాసెట్టు పళ్లు అరిగిపోయినాయి" అన్నాడు, వెనక చక్రానికి పేర్చి ఉన్న పళ్లచక్రాల కట్టను చూపిస్తూ. "రెండూ కలిసి అరిగినాయి కాబట్టి ఇన్నాళ్లూ సర్దుకొని సంసారం చేసినాయి. ఒకటే మారిస్తే రెండోది ఒప్పుకోదు. ఒకే అంగట్లో జత తీసుకురా."

"జతా!" అని అదిరిపడ్డాడు జయకర్.

ఎందుకంటే గేర్ల సైకిలు సామాన్ల అంగడి జమ్మలమడుగులో నారాయణ బామర్దిది, పులివెందులలో పద్మావతమ్మ తమ్ముడిది. ఒకే అంగట్లో జత కొనడమంటే పార్టీలో చేరడమే. జయకర్ రాత్రంతా ఆలోచించి, తండ్రి ఆత్మ శాంతించేలా, చైను జమ్మలమడుగులో, క్యాసెట్టు పులివెందులలో కొన్నాడు.

సిరాజుద్దీన్ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఏంది సార్ ఇది? చైను ఎనిమిది చక్రాల కట్టకు చేసింది. నువ్వు తెచ్చింది తొమ్మిది చక్రాల కట్ట. దీంట్లో సందు తక్కువ, చైనేమో లావు. పక్క చక్రానికి రాసుకుంటాది, గట్టెక్కేటప్పుడు ఎగురుతాది."

"న్యాయంగా ఉందా లేదా?"

"న్యాయంగా శానా ఉంది సార్. సైకిలే పోదు."

పోయింది, కానీ టకటకమంటూ పోయింది. బడికి పోయే దారిలో గట్టు సరిగ్గా నారాయణ గేటు ముందే మొదలవుతుంది గనుక పొద్దున అక్కడ చైను ఎగిరేది. సాయంత్రం తిరిగొచ్చే దారిలో ఎక్కుడు పద్మావతమ్మ గేటు ముందు గనుక అక్కడ ఎగిరేది. మా చైనుకు చెడ్డపేరు తెచ్చేదానికే ఆయమ్మ కట్ట వేసినాడని పైవీధి వాళ్లు, మా కట్ట పళ్లు ఊడగొట్టేదానికే వాళ్ల చైను తగిలించినాడని కిందివీధి వాళ్లు తీర్మానించారు.

దానితో సైకిలు సామరస్య సంఘం ఏర్పడింది. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. (ఆరుగురికీ కార్లున్నాయి.) మూడు సిట్టింగుల తర్వాత నాలుగు పేజీల రాజీపత్రం వచ్చింది, ఒక నకలు స్టేషన్‌కు పోయింది. చిన్న చక్రాలు నాలుగూ పైవీధికి, పెద్దవి నాలుగూ కిందివీధికి చెందును. నడుమది పోరంబోకు, దానిని ఎవరూ వాడరాదు. చైను ఎగరకుండా నడిచేది ఆ నడుమదాని మీద ఒక్కటే. జయకర్ సైకిలు తోసుకుంటూ బడికి పోవడం మొదలుపెట్టాడు.

"ఎవురి దగ్గరో ఒకరి దగ్గర జత కొనుక్కోరాదా?" అంది భార్య రూతమ్మ. "ఒక పార్టీలో చేరితే ఒక పార్టోళ్లే కొడ్తారు. యాడా చేరకుంటే ఇద్దరూ కొడ్తారు."

"జూన్ దాకా ఓపిక పట్టు" అన్నాడు జయకర్.

ఏప్రిల్‌లో ఎన్నికలు వచ్చాయి. ఒక శుభోదయాన నారాయణా పద్మావతమ్మా ఒకే కారులో, ఒకే కండువాతో ఊళ్లోకి దిగారు. ముప్పై ఏళ్లుగా వాళ్ల కోసం కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న వాళ్లంతా అరుగుల మీద నుంచి లేచి చప్పట్లు కొట్టారు. (చేతులున్నవాళ్లు.) జయకర్‌కు నిజంగానే సంతోషం వేసింది. ఇక తటస్థంగా ఉండే పని లేదు గదా అనుకుని ధ్రువపత్రం కోసం స్టేషన్‌కు పోయాడు.

రైటరు జమీర్ ఎన్నికల ముందు పంపవలసిన బైండోవరు ఫారం నింపుతున్నాడు. ఇకమీద గొడవలు పెట్టుకోబోమని పూచీకత్తు రాయించే ఫారం అది. అందులో రెండు గళ్లు: మొదటి వర్గం, రెండో వర్గం.

"మంచి టయానికి వచ్చినావు సార్. ఊరంతా మొదటి గళ్లోకి పోయింది. రెండోది ఖాళీగా పంపితే పైనోళ్లు ఫారం తిప్పి పంపుతారు."

"నేను ఏ వర్గమూ కాదప్పా!"

"అదే గదా సార్. వాళ్లల్లో లేనోడు రెండో వర్గమే గదా." జమీర్ రాజీపత్రం తీసి చూపించాడు. "ఇరువర్గాల మధ్య కలతకు కారణమైన సైకిలు అని ఈడ రాసినారు. నువ్వు సంతకం కూడా పెట్టినావు."

రెండో వర్గం నాయకుడి గడిలో జయకర్ పేరు చేరింది. అనుచరుల గడిలో రూతమ్మ పేరు రాశారు. ఆమె నన్ను ఏనాడూ సమర్థించలేదని జయకర్ అభ్యంతరం చెప్పాడు గాని, దానికి ఫారంలో చోటు లేదు.

ధ్రువపత్రం రాలేదు గనుక జూన్‌లో హెడ్మాస్టరు కుర్చీలో డ్రాయింగు మాస్టరు కూర్చున్నాడు. కుర్చీ గరుకుగా ఉందని గాట్లు పోయేలా నున్నగా చిత్రిక పట్టించాడు. ఆ సంగతి విన్న రోజు జయకర్ అన్నం తినలేదు.

ఇప్పుడు రెండు అంగళ్లూ ఒకే పార్టీవి గనుక అతను నిర్భయంగా ఒకే అంగట్లో తొమ్మిది చక్రాల కట్టా, దానికి సరిపోయే చైనూ జతగా కొన్నాడు. సిరాజుద్దీన్ బిగించాడు. గట్టు మీద చైను ఒక్కసారి కూడా ఎగరలేదు. ప్రతి ఆదివారం చర్చి అయిన పావుగంటలో జయకర్ స్టేషన్ చేరి రెండో వర్గం నాయకుడిగా బైండోవరు సంతకం పెట్టి వస్తున్నాడు.