పద్మాసన విమోచనము

స్వస్తి. సాధారణమను పేరు దాల్చియు అసాధారణ కార్యములకు ఆటపట్టైన సంవత్సరమున, అనగా పందొమ్మిది వందల డెబ్బదవ యేట, మార్గశిర శుద్ధ ఏకాదశినాటి ఉదయమున, కృష్ణవేణీ జలములు కాలువలై పారి కనకధాన్యములు పండించు డెల్టాసీమయందు, ఒక చెంత బాపట్లయు వేరొక చెంత రేపల్లెయు సామంతులవలె కొలువుండ, నట్టనడుమ విరాజిల్లు తెనాలి మహాపట్టణమున, ఒకానొక రైసుమిల్లు ఆవరణలో తాటాకు పందిరి క్రింద జరిగిన ఘోరసంగ్రామమును చెప్పెదము, ఆలకింపుడు. అందు రథములు విరుగలేదు. గజములు కూలలేదు. ఒక మోకాలు మాత్రము కలుక్కుమనెను. ఆ చప్పుడే ఈ కథకు మూలము.

ఆ మిల్లునకు అధిపతియు, సంగం జాగర్లమూడి పొలిమేరలోని మాగాణికిని నిమ్మతోటకును ఏలికయు, బస్తాన్నర ధాన్యముతో సరితూగు భూరికాయుడును, ఏబదిరెండేండ్ల ప్రాయమువాడును అగు వీరరాఘవయ్య ఈ కథకు నాయకుడు. ఆ మహావీరుడు గడచిన శ్రావణమున బాపట్లలో ఒక పెండ్లివిందునకేగి, బంతిలో నేలపై కూర్చుండబోయి, నడుము వంగక, మోకాళ్ళు ముడువక, విస్తరి ముందు విల్లెత్తలేని రాజకుమారునివలె నిలిచిపోయెను. అప్పుడు రేపల్లె వాస్తవ్యుడును, భార్యకు తోడబుట్టినవాడును, వెదురుబద్దవలె సన్ననివాడును అగు బావమరది ప్రకాశరావు బంతి నడుమనుండి అరచెను.

"మా బావగారికి కుర్చీ వెయ్యండయ్యా. ఆయన్ని నేల మొయ్యలేదు."

బంతి బంతియంతయు నవ్వెను. వడ్డించువాడు గరిటె పట్టుకొనియే నవ్వెను. ఆ నవ్వు వీరరాఘవయ్య గుండెలో ములుకై నాటుకొని, కార్తీకము నాటికి యోగమను మొలకయెత్తెను.

ఏలయన, కార్తీకమున తెనాలికి శ్రీ నిశ్చలానందులవారు వేంచేసిరి. వారు పూర్వాశ్రమమున చెంచురామయ్య యను పేర బాపట్లలో టైపు నేర్పుచు, ఒకనాడు వాక్యము నడుమ అంతర్వాణి విని, మిషనును అట్లే వదలి, కాషాయము ధరించిన పుణ్యమూర్తులు. పద్మాసనమున ఒక గంట కదలక కూర్చున్నవానికి ఆత్మ తనంత తానే ఎదురువచ్చి పలకరించునని వారి సిద్ధాంతము.

"ఎన్నాళ్ళు పడుతుంది స్వామీ?" అని వీరరాఘవయ్య అడిగెను.

"నీవంటి సంస్కారికి నలువది దినములు చాలు నాయనా. జాగర్లమూడి దారిలో ఒక నిమ్మతోట చూచితిని. ఎవరిదో?"

"మాదేనండి."

"చాల ప్రశాంతముగా నున్నది," అని స్వామివారు కన్నులు మూసికొనిరి.

ఈ వార్త విని ప్రకాశరావు సైతము రేపల్లెనుండి వచ్చి శిష్యులలో చేరెను. అంత స్వామివారు ఏకాదశినాడు ఇరువురును సభాముఖమున ఆసనము వేయవలెననియు, గంటసేపు చలింపనివానికి యోగకేసరి బిరుదమును, తాము నెలకొల్పబోవు ఆశ్రమమునకు అధ్యక్షపదవియు దక్కుననియు ప్రకటించిరి. ఆశ్రమమెచ్చట వెలయునో చెప్పలేదు. ఆ నిమ్మతోటలో కాయలు కోయించుట మాత్రము ఆపవలసినదని సూచించిరి.

నాటినుండి వీరరాఘవయ్య చుట్ట విడిచెను. కొరమేను పులుసు విడిచెను. మిల్లు విడిచెను. ముందుగదిలో చాపపై కన్నులు మూసి కూర్చుండి, గడియారము కూడ మెల్లగా కొట్టుకొనవలెనన్నట్లు కనుబొమలు ముడిచెను. అర్ధాంగి శేషారత్నము గడప దగ్గర నిలిచి, "ఏవండీ, కాఫీ ఆరిపోతోంది," అనగా, ఆ తపోధనుడు కన్ను విప్పక గంభీరస్వరమున ఇట్లనెను:

"శేషారత్నమా, కాఫీ యననేమి? జిహ్వాచాపల్యమను మహాసర్పము వెడలగ్రక్కిన నల్లని విషము. ఆత్మసామ్రాజ్య సింహద్వారమున నిలిచిన నన్ను లోటాడు ద్రవముచే వెనుకకు మరల్పజూతువా? పొమ్ము. నీయందు కోపము లేదు. జాలి కలదు."

"సరేనండి," అని ఆమె గ్లాసుపై మూతపెట్టి అక్కడనే ఉంచి వెడలెను. మరి కొంతసేపటికి గ్లాసు ఖాళీగా కనబడెను. దానిని గూర్చి ఎవ్వరును ఎవ్వరిని అడుగలేదు.

ఇట్లు నలువది దినములు గడచినవి. ఏకాదశి వచ్చెను. పందిరి నిండెను. బాపట్లనుండి పాసింజరులో భక్తులు దిగిరి. వంటపాకలో శేషారత్నము రెండువందల మందికి పులిహోర కలుపుచుండెను. స్వామివారు శంఖము పూరింపగా వీరరాఘవయ్య తన పాదములను రెండు చేతులం బట్టి, బందీలైన శత్రురాజుల నీడ్చినట్లు ఈడ్చి, ఒకదాని నొక తొడపైకిని వేరొకదాని వేరొక తొడపైకిని ఎక్కించి, నుదుట చెమట జలజల రాల, లోలోపల తన మోకాలి నుద్దేశించి ఇట్లు గర్జించెను:

"ఓరీ సంధిద్రోహీ, ఏబదిరెండేండ్లుగా నా అన్నము తిని నా బరువు మోయనని బంతిలో నా పరువు తీసినవాడవు నీవే కదా. నేడు నీ పొగరణతును. విరుగుదువేని విరుగుము. వంగకుండుటకు మాత్రము వీలులేదు."

మోకాలు కలుక్కుమనెను. వంగెను. శిష్యులు వచ్చి ఒడినిండ కాషాయశాలువ కప్పి, దానిపై బంతిపూల దండలు వేసిరి. ఎదుట ప్రకాశరావు కొంగవలె సునాయాసముగా ముడుచుకొని కూర్చుండెను. పది నిమిషములకు వీరరాఘవయ్య తొడలలో వేయి చీమలు దండు కదలినవి. ఇరువదికి అవి నిప్పులు రాజేసినవి. ముప్పదికి సర్వము శాంతించి, నడుము క్రింద తనకేమియు లేనట్లయ్యెను. ఇదియే కాబోలు దేహభ్రాంతి నశించుటయని ఆయన సంతసించెను. నలువదవ నిమిషమున ప్రకాశరావు కాళ్ళు దులుపుకొని లేచి, "నా వల్ల కాదు బావా. పిక్క పట్టింది. నువ్వే గెలిచావు," అనెను.

గంట నిండెను. శంఖము మ్రోగెను. "లెమ్ము నాయనా, యోగకేసరీ," అని స్వామివారు పిలిచిరి.

వీరరాఘవయ్య లేవబోయెను. కాళ్ళు రాలేదు. మరల ఆజ్ఞాపించెను. రాజాజ్ఞను ధిక్కరించిన మన్నెగాండ్రవలె అవి ఉన్నచోటనే ఉండినవి. గెలిచిన నిమిషముననే లేవలేకపోతినని రెండువందల మంది ముందు చెప్పుటయా? బాపట్ల నవ్వు మరల చెవులలో మోగెను. ఆయన కన్నులు గట్టిగా మూసికొనెను.

స్వామివారు ఒక్క క్షణము ఆయనను చూచి, జనమును చూచి, మనసులో నిమ్మతోటను చూచి, ఉచ్చైస్స్వరమున ప్రకటించిరి.

"భక్తులారా, ఇది సమాధి."

అంతట పందిరిలో కలకలము చెలరేగెను. హారతులు వెలిగినవి. పదేండ్లుగా ఎదురుపడినపుడు కండువా సర్దుకొనుటయే తప్ప నమస్కారమెరుగని పక్కమిల్లు హనుమయ్య వచ్చి, శాలువ అంచునకు నుదురు తాకించెను. వీరరాఘవయ్య ఓరకంట చూచెను. ఆహా, ఆ నున్నని బట్టతల తన ఒడి ముందు వంగుట ఎంత కమ్మగానుండెనో చెప్ప నలవిగాదు. ఇంకొక్క పది నిమిషములు ఉందునని నిశ్చయించుకొనెను.

ఆ పది నిమిషములలోనే స్వామివారి రెండవ ప్రకటన వెలువడెను. "ఈ స్థితి మూడు దినములు నిలుచును. ఎవ్వరును తాకరాదు. అన్నపానీయములు చూపరాదు. రేపల్లెకు, బాపట్లకు, చీరాలకు కబురంపుడు."

మూడు దినములు. వీరరాఘవయ్యకు అప్పటికే తిమ్మిరి వదలుచుండెను. అది వదలిన చోటనెల్ల నొప్పి పతాకమెత్తుచుండెను. ఆయన పెదవులు కదలించి సన్నగా, "కాలు పట్టేసింది," అనెను.

"వింటిరా," అనిరి స్వామివారు. "కాలము పట్టివేసినదట. జీవుని కాలము పట్టియున్న తీరును సెలవిచ్చుచున్నారు."

"కాలు... రావట్లేదు."

"కాలము రావట్లేదట. అనగా వీరు కాలాతీతులైరి."

"మోకాలు స్వామీ," అని వీరుడు మూలిగెను.

"మోక్షకాలము," అని స్వామివారు గద్గదకంఠులైరి. భక్తులు నేలపై సాగిలపడిరి. కొందరు కన్నీరు పెట్టుకొనిరి. వారికంటె ఎక్కువ కన్నీరు వీరరాఘవయ్యకు వచ్చుచుండెను. దానిని ఆనందబాష్పములనిరి.

కలకలము విని శేషారత్నము పసుపుచేతులతో వంటపాకనుండి వచ్చెను. భర్త మీసము క్రింద క్రిందిపెదవి లోనికి మడతపడియుండుట చూచెను. పన్ను పీకించుకొన్ననాడు అది అట్లే మడతపడెను.

"ఆయనకి నెప్పిగా ఉందండి," అనెను.

"అమ్మా, అజ్ఞానము వలదు. తాకినచో ప్రాణాపాయము," అని స్వామివారు చేయి అడ్డుపెట్టిరి.

ఆమె ఆ చేతిని దాటలేదు. అక్కడనే నేలపై గొంతుకూర్చుండి, భర్త ముఖమును సూటిగా చూచుచు, "ఏవండీ, సమాధా, నెప్పా? ఏదో ఒకటి మీరే చెప్పండి," అని అడిగెను.

వీరులారా, అసలు యుద్ధము అప్పుడు జరిగినది. ఒక వంక యోగకేసరి బిరుదము, అధ్యక్షపదవి, హనుమయ్య బట్టతల, బాపట్ల బంతికి చెప్పవలసిన బదులు, ఇవన్నియు చతురంగబలములై నిలిచినవి. వేరొక వంక నిలిచినది ఒంటరి మోకాలు. పోరు అరనిమిషము భీకరముగా సాగెను. మోకాలు గెలిచెను.

"నెప్పే, శేషా," అనెను వీరరాఘవయ్య.

జనములో ఎవరో కిసుక్కుమనిరి. ప్రకాశరావు మాత్రము నవ్వలేదు. పరుగున వచ్చి, బావ చంకలలో చేతులు వేసి, "ఏ కాలు స్వామీ?" అని అడిగెను.

"శాస్త్రప్రకారము ఎడమకాలి పైన కుడికాలుండును. కావున కుడికాలు ముందు లాగవలెను," అని స్వామివారు ఇక తప్పదని సెలవిచ్చిరి.

శాలువ తొలగింపకయే నలుగురు శిష్యులు లోనికి చేతులు దూర్చి కుడికాలు పట్టి లాగిరి. వీరరాఘవయ్య పెట్టిన కేక మిల్లు రేకులను తాకెను. నువ్వులనూనె పోసి లాగిరి. శాలువ జిడ్డయ్యెను. వేడినీళ్ళు చల్లి లాగిరి. శిష్యులు జారి ఒకరిపై నొకరు పడిరి. కాలు వజ్రలేపము వేసినట్లు అట్లే ఉండెను.

అంతలో రేపల్లె పాసింజరు దిగి, తలపై చేపలగంపతో వాడుకగా వచ్చు కోటిరత్నము గేటు దాటి వచ్చి, "ఏంటమ్మగారూ ఈ గోల?" అని అడిగెను.

"ఏకాదశినాడు ఆ గంప దూరముగా పెట్టుము," అని స్వామివారు ముక్కుపై ఉత్తరీయము వేసికొనిరి.

"పెట్టానండి," అని ఆమె గంప దించి, చేతులు చీరకు తుడుచుకొని, వంగి చూచెను. "అమ్మగారూ, ఆ గుడ్డ తియ్యండి కాస్త. ఇట్టా గుడ్డకింద వెతికితే ఏం కనపడుద్ది?"

శేషారత్నము దండలు తీసి, శాలువ తొలగించెను.

"ఏ కాలు లాగుతున్నారయ్యా మీరు?"

"కుడికాలు," అనిరి శిష్యులు.

"పైనున్నది ఎడంకాలు కదయ్యా. పైది తియ్యకుండా కిందది ఎట్టా వస్తది? మా ఇంటో వల చిక్కుపడితే పైపోగు ముందు తీస్తాం. అమ్మగారూ, ఆ మడమ మీరు పట్టుకోండి. లాగమాకండి. ఊరికే ఎత్తండి."

శేషారత్నము మడమ పట్టెను. కోటిరత్నము మోకాలి క్రింద అరచేయి వేసి కొంచెము లేపెను. అంతే. నలువది దినముల తపస్సుచే బిగిసి, నలుగురు మల్లులు లాగిన రానిది, ఇద్దరు ఆడవారి చేతిలో అరటిదొప్పవలె విడివడెను. కుడికాలు తనంత తానే నేలకు జారెను.

"చేపల వాసనకు సమాధి భంగమైనది," అని స్వామివారు ప్రకటించిరి. జనము అప్పటికే పులిహోర బంతికి కదలెను. స్వామివారును రెండుమార్లు వడ్డించుకొని తిని, నిమ్మతోట ఊసెత్తక, బాపట్ల బండి వేళయైనదని స్టేషనుకు నడచిరి.

హనుమయ్య మాత్రము దగ్గరకు జరిగి, భక్తి కొంత మిగిలియుండగా, "ఏవండీ, గంటసేపు లోపలికి చూశారు కదా. ఏం తెలిసిందండీ?" అని రహస్యముగా అడిగెను.

"ఎడంకాలు పైనుందని తెలిసింది," అనెను వీరరాఘవయ్య. "అది కూడా కోటిరత్నం చెప్తే."

శేషారత్నము ఆయన పాదమును ఒడిలో పెట్టుకొని నూనె రాయుచుండెను. కొంతసేపటికి ఆయన కనుబొమలు ముడిచెను.

"నీ చెయ్యేంటే ఇంత వేడిగా ఉంది?"

"జ్వరం. మూడు రోజులైంది."

"నాకు చెప్పలేదేం?"

"మీరు కళ్ళు మూసుకుని ఉన్నారు."

వీరరాఘవయ్య పాదము వెనుకకు తీసికొనెను. ప్రకాశరావు భుజముపై చేయి వేసి లేచి, పిదప ఆ చేయియు తీసివేసి, ఒక్కొక్క అడుగును ఒక్కొక్క దుర్గముగా జయించుచు, కుంటుచు, తూలుచు, వంటపాక దిక్కుగా దండయాత్ర సాగించెను. మంచినీళ్ళ బిందె ఎక్కడుండునో ఎరుగడు. కోటిరత్నము చేయి చూపినది. గ్లాసు ఎక్కడుండునో ఎరుగడు. అదియు ఆమెయే చూపినది. ముంచెను. వెనుదిరిగెను. చీమలదండు మరల కాళ్ళపై విరుచుకుపడగా దారిలో సగము ఒలికెను.

కావున సకలజనులకు ఎరుకయగుగాక. ఆ ఏకాదశినాడు, పగలు పదకొండు గంటలు కావచ్చినవేళ, తెనాలి మహాపట్టణమున, ఇరువదియేడేండ్ల దాంపత్యమున ప్రప్రథమముగా, వీరరాఘవయ్య యను మహాయోధుడు పదునెనిమిది అడుగులు స్వయముగా నడచి, భార్యకు అరగ్లాసు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చెను. జయజయధ్వానములు చేసినవారెవ్వరును లేరు. ఆమె త్రాగి, గ్లాసు తిరిగి ఇచ్చి, "ఇంకొంచెం తెండి," అనెను.