నీలితెరపై కోడలి దండయాత్ర

స్వస్తి! సకల కార్యాలయ ద్వారోద్ఘాటన శుభవేళయగు సోమవార పూర్వాహ్ణమున, గోడగడియారము పదింబావు చూపుచుండగా, రెండవ అంతస్తు వాటాలో, ఇస్త్రీకి నోచుకోని బట్టల గుట్టకును నీళ్ళకు మొగము వాచిన పూలకుండీకిని నడుమ, గ్రంథాలయశాస్త్ర పారంగతయు, సూచీపత్ర సామ్రాజ్ఞియు నగు ఆ యింటి కోడలు, చేత నెట్ కేబులు ధరించి కంప్యూటరు నెదిరించి నిలిచెను.

పదకొండు గంటలకు ఆమెకు గ్రంథాలయోద్యోగ పరీక్ష. ఐదేండ్లుగా పెట్టిన దరఖాస్తులకు వచ్చిన మొదటి పిలుపు అదియే. ఫోనులో వ్రాయరాదు, కంప్యూటరులోనే వ్రాయవలెనని గ్రంథాలయమువారి శాసనము. క్షణ మాలస్యమైనను తలుపు మూసుకొనును.

కొక్కెము విరిగినందున వ్రేలితో నొక్కి పట్టనిదే నిలువని ఆ కేబులును, ఆమె బల్లక్రిందికి వంగి కంప్యూటరు పెట్టెలో గుచ్చెను. గుచ్చుటయే తడవు తెర నీలవర్ణము దాల్చి, తెల్లని అక్షరములతో నేమో శపించి, కుప్పగూలెను. కేబులు పీకినచో యంత్రము బుద్ధిగా లేచి కూర్చుండును. గుచ్చినచో మరల మూర్ఛ. టీవీ వెనుకనుండి వేరొక కేబులు తెచ్చి గుచ్చినను అదే తంతు. అంతట ఆ వీరాంగన యిట్లు గర్జించెను:

"ఓరీ యంత్రాధమా! నీ దుమ్ము తుడిచిన చేతులివి! నీ ఫ్యానులో వెంట్రుకలు ఏరిన చేతులివి! ఇవాళే దొరికిందట్రా నీకు?"

"ఎవరినమ్మా తిడుతున్నావ్?" అని మామగారు గుమ్మమున ప్రత్యక్షమయ్యెను.

"కంప్యూటర్ని, మామయ్యగారూ."

"అయితే సరే."

ఈ మామగారు సామాన్యుడు కాడు. బస్సుల విచారణ కిటికీ వెనుక ముప్పదియేండ్లు కూర్చుండి, అడిగినవారి మొగముమీద కాదన్న మాట పలుకని మహానుభావుడు.

కోడలు కేబులు పీకి, యంత్రభాగముల జాబితా తెరచి, నెట్ భాగపు డ్రైవరు చేరిన తేదీ చూచి నిర్ఘాంతపోయెను. నిన్నటి తేదీ! నిన్న ఇంటనున్నది ఒక్క మామగారే.

"మామయ్యగారూ, నిన్న ఇది మిమ్మల్ని ఏమైనా అడిగిందా?"

"అడిగిందమ్మా, డ్రైవర్ మార్చనా అని. పాపం, మూడుసార్లు అడిగింది. అంత మర్యాదగా అడిగితే వద్దని ఎలా అంటాం?"

డ్రైవరనగా కంప్యూటరుకును కేబులుకును నడుమ దుబాసి వంటిది. పాత దుబాసిని గెంటివేసి వచ్చిన ఈ క్రొత్తవానికి ఇరువురి భాషయు రాదు.

"సరైనది తెప్పించమ్మా మరి."

"తెప్పించాలంటే నెట్ కావాలి. నెట్ పెడితే ఇది చస్తోంది!"

పెద్దాయన మొగము చిన్నబోయెను. "నా వల్ల నీ ఉద్యోగం పోతుందా తల్లీ?"

నషాళమునకంటిన కోపము ఆ మాటతో చల్లారి, ఆమెకు ఆయనపై జాలి పుట్టెను.

"మా ఆఫీసులో కొత్తవాడు పని చెడగొడితే పాతవాణ్ణే వెనక్కి పిలిచేవాళ్ళం. ఇక్కడ కుదరదా?" అని ఆయన నసిగెను.

కుదురును! జాబితా అడుగున, ఇంతసేపు ఆమె కంటబడని మీట యొకటి కలదు: వెనుకటి డ్రైవరుకు మరలుము. నొక్కెను. తెర ఒక్కసారి కన్ను గీటెను. గడియారము పది యేబదియైదు చూపెను.

"మీరు మౌస్ పట్టుకోండి. నేను కింద కేబుల్ నొక్కుతాను" అని కోడలు బల్లక్రిందికి దూరెను. గుచ్చెను. తెర నిలిచెను! పరీక్ష పుట తెరచుకొనెను! అంతలో తెర మూలనుండి చిన్న పెట్టె యొకటి లేచి పరమ వినయముతో పలికెను: క్రొత్త డ్రైవరు సిద్ధము. మార్చనా?

"అమ్మా, మళ్ళీ అడుగుతోంది!"

"వద్దనండి!"

"పాపం..."

"మామయ్యగారూ!"

ముప్పదియేండ్ల సౌజన్యము ఆయన చూపుడువ్రేలిని వెనుకకు లాగెను. కోడలి ఐదేండ్ల నిరీక్షణ ముందుకు నెట్టెను. "ఏమనుకోకు నాయనా" అని తెరకు నమస్కరించి, కన్నులు మూసి, వద్దు అను మీటను నొక్కెను.

పెట్టె వచ్చిన వినయముతోనే మాయమయ్యెను.

పదకొండు కొట్టునప్పటికి కోడలు కుర్చీపై మొదటి ప్రశ్న చదువుచుండెను. మామగారు బల్లక్రింద దిండు వేసికొని కేబులు నొక్కి పట్టి యుండెను.

"అమ్మా, ఇంకోసారి అడిగితే నన్ను పిలువు" అనెను క్రిందినుండి. "ఈసారి కళ్ళు తెరిచే నొక్కుతాను."

దిగ్దిగంతములు వినుగాక! ఆ వంశమున తొలి 'వద్దు' ఆనాడు పలుకబడెను.