బ్రూటల్ అల్లుడు

ఆదివారం ఉదయం పదిన్నరకు ఆసిఫాబాద్‌లో రాకేశ్ చేతిలోంచి నాటుకోడి తప్పించుకుని, కాబోయే మామ బుచ్చిరాములు ఒళ్లో పడింది.

ఆ ఉదయానికి అనుకున్నది వేరు. హుజూరాబాద్ నుంచి బుచ్చిరాములు ఇల్లు చూడడానికి వస్తాడు, చాయ తాగుతాడు, కోడికూరతో అన్నం తింటాడు, లగ్గం ఎప్పుడు పెట్టుకుందామో చెప్పి పోతాడు. పిల్ల సృజనను రాకేశ్ అప్పటికే చూసి వచ్చాడు. అక్కడ మాట్లాడింది ఆమె, తలూపింది అతను. ఆ రోజు నుంచి ఇంకో సంబంధం మాట ఎత్తనివ్వడం లేదు.

చిక్కు ఒక్క మాటతో వచ్చింది. రాకేశ్ వరుసగా సిక్సులు కొట్టిన వీడియోను అతని దోస్తు అర్ఫాత్ ఇన్‌స్టాలో పెట్టి, కింద ‘బ్రూటల్’ అని రాశాడు. అర్ఫాత్ భాషలో అది ఖతర్నాక్‌కు తమ్ముడు, మెచ్చుకోలు మాట. సృజన దాన్ని తండ్రికి చూపించింది. బుచ్చిరాములు తెలుగు పండితుడిగా రిటైరైన మనిషి. తెలియని మాట ఎదురైతే నిఘంటువు తీయనిదే ముద్ద మింగడు. తీశాడు. ‘క్రూరమైన, పాశవికమైన, దయాదాక్షిణ్యాలు లేని’ అని ఉంది. వీడియోలో బంతి తప్ప ఎవరూ దెబ్బ తినలేదు. అయినా సొంత దోస్తే రాశాడు కదా అని, అర్ఫాత్ నంబరు సంపాదించి శనివారం ఫోన్ చేశాడు.

ఆ ఫోన్ అయిపోగానే అర్ఫాత్ రాకేశ్ ఇంటికి ఉరికొచ్చాడు.

“మామా, నీ లగ్గం పక్కా! సార్ నీ ఫ్యాన్ అయిండు. ‘పిల్లగాడు నిజంగనే బ్రూటలా’ అని అడిగిండు. ‘పక్కా బ్రూటల్ సార్, దిగిండంటే ఎవ్వల్ని ఇడ్వడు’ అన్న.”

“ఇంకేమడిగిండురా?”

“‘ఇంట్ల గూడనా’ అన్నడు. ‘యాడైనా గంతే’ అన్న. ‘ఎప్పటిసంది’ అన్నడు. ‘చిన్నప్పటిసంది’ అన్న. ఖుషీతోటి సార్‌కు మాట రాలే. ఫోన్ పెట్టేసిండు.”

వంటింట్లోంచి తల్లి భూమవ్వ వచ్చింది. “బ్రూటల్ అంటే ఏందిరా?”

“ఖతర్నాక్ అన్నట్టు అవ్వా. గసోంటోడు యాడ దొరుకడు అన్నట్టు.”

“గట్లయితే నా కొడుకు బ్రూటలే,” అంది భూమవ్వ.

“రేపు జర తయారుగ ఉండు మామా. సార్ ముంగటనే కోడిని కోసి బ్రూటల్ అనిపిచ్చుకో. నేను రాను.”

ఆ ఇంట్లో కోడిని ఎప్పుడూ అర్ఫాతే కోస్తాడు. ఆ సేపు రాకేశ్ కొత్తిమీర కోసం బజారుకు పోతాడు. ఇంట్లో కొత్తిమీర ఉన్నా పోతాడు.

“నాతోని గాదురా.”

“సృజన గావాల్నా, అద్దా?”

రాకేశ్ కత్తి నూరాడు.

ఆదివారం బుచ్చిరాములు వచ్చి వాకిట్లో కుర్చీ అంచున కూర్చున్నాడు. చాయ ముట్టలేదు. రాకేశ్ పెరట్లోకి పోగానే గొంతు తగ్గించాడు. గోడ అవతల కోడి వెంట తిరుగుతున్న రాకేశ్‌కు అంతా వినబడింది.

“దాపెట్టకుండ చెప్పు చెల్లె. మీవోడు బ్రూటలా?”

“దాపెట్టుడెందుకన్నా! శానా బ్రూటల్. వాళ్ల బాపు గూడ గట్లనే ఉండె. పోయేదాక నన్ను ఒక్కతీరు బ్రూటల్‌గ జూసుకున్నడు, మారాజు.”

“ఎట్ల ఓర్సుకున్నవమ్మా?”

“ఓర్సుకునుడేంది? నన్ను జూసి ఊరంత కుళ్లుకుంటుండె. మీ బిడ్డ గూడ అదృష్టవంతురాలు. వచ్చిన తెల్లారే తెలుస్తది.”

బుచ్చిరాములు సంచి చంకన పెట్టుకుని లేచాడు. “బస్సు పోతదేమో...”

తాను ఆలస్యం చేయడం వల్లే మామ లేచాడనుకున్నాడు రాకేశ్. ఒక చేత కోడి, ఒక చేత కత్తి పట్టుకుని వాకిట్లోకి దూకాడు. రాత్రంతా సాధన చేసిన గొంతుతో, “యాడికి సార్? కూసోండ్రి!” అన్నాడు.

బుచ్చిరాములు కూర్చున్నాడు.

రాకేశ్ కోడి మెడ పట్టుకున్నాడు. కోడి అతనివైపు చూసింది. అతను కళ్లు మూసుకున్నాడు. పట్టు సడలింది, కోడి ఎగిరి మామ ఒళ్లో వాలింది, కత్తి కింద పడింది. కత్తి పక్కనే రాకేశ్ కూలబడ్డాడు.

“నాతోని గాదు సార్!” అని ఏడ్చేశాడు. “మీకు బ్రూటల్ అల్లుడు గావాల్నట. నేను శీమను గూడ తొక్కలే. సంబంధం అద్దంటే అద్దనుండ్రి గని, అర్ఫాత్‌గాడు చెప్పిందంత అబద్ధం.”

“నాకు బ్రూటల్ అల్లుడు గావాల్నని ఎవలన్నరు నాయినా?” అన్నాడు బుచ్చిరాములు, కోడిని చంకలో సర్దుకుంటూ. నిఘంటువులోని అర్థాలన్నీ పద్యం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు.

భూమవ్వ చెంపలు వేసుకుంది. “వామ్మో! దేవుడసోంటి నా పెనిమిటిని ఎంత మాటంటి! అరేయ్ అర్ఫాతూ!”

గోడ మీద కనిపిస్తున్న తల మాయమైంది.

బుచ్చిరాములు నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, బిడ్డకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. “బిడ్డా, ఏం ఫికర్ లేదు. పిల్లగాడు బ్రూటల్ గానే కాడు. కోడిని జూసి ఏడ్సిండు.”

అవతల సృజన గొంతు లేచింది.

“బ్రూటల్ కాడా? నాకు నచ్చిందే గది గద బాపూ! మరి గా సిక్సులు ఎవలు కొట్టిండ్రు?”

రాకేశ్ లేచి నిలబడ్డాడు. బుచ్చిరాములు అతని ముఖం చూశాడు. బడిలో అబద్ధమాడిన పిల్లలను బెంచీ ఎక్కించిన మనిషి, గొంతు సవరించుకున్నాడు.

“బ్రూటలే బిడ్డా. నా కండ్లతోటి జూసిన. కత్తి వట్టుకొచ్చి నన్ను బెదిరిచ్చి కూసోవెట్టిండు.”

“గట్లయితే లగ్గం వెట్టుకోండ్రి.”

లగ్గం మాఘమాసంలో ఖాయమైంది. మధ్యాహ్నం అందరూ పప్పుచారుతో భోజనం చేశారు.