మనిషికో జానెడు

అల్లుడు బస్సు డిపోలో టైంటేబుళ్ళు వేస్తాడు. ఏ బస్సు ఏ బస్సు కోసం ఎక్కడ ఆగాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అందుకే గురువారం ఉదయం టీ తాగుతూ, పెరట్లో ఈతకొలను సంగతి తనకి వదిలెయ్యమన్నాడు.

కొలను ఈ అద్దె ఇంటితో పాటు వచ్చింది. ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటే లోతు. ఇంట్లో ఎవరికీ ఈత రాదు కాబట్టి ఇన్నాళ్ళూ దాని మొహం చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు అవసరం పడింది. అత్తగారికి మోకాలి ఆపరేషనైంది. నీళ్ళలో నడవాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది, తర్వాత జీవితమంతా చేతికర్రే గతి అని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పినప్పటినుంచీ ఆవిడది ఒకటే మాట: "అమ్మో, చలి."

"ఆదివారం పొద్దుటికి నీళ్ళు వెచ్చగా ఉంటాయి అత్తయ్యగారూ. నాదీ పూచీ," అన్నాడు అల్లుడు.

"మీరంతగా చెబుతుంటే కాదంటానా? ఒక్కసారి వస్తాను. చల్లగా తగిలిందో, ఇక ఈ కొలను మాట నా దగ్గర ఎత్తకూడదు."

కొలను పక్క గదిలో మూడు యంత్రాలున్నాయి. పంపు నీళ్ళని తిప్పుతుంది. ఆ తిరిగే నీళ్ళని హీటర్ వేడి చేస్తుంది. నీళ్ళలో కలిపిన ఉప్పు నుంచి క్లోరిన్ తీసి, నీళ్ళు పాడవకుండా చూసేది మూడోది. ఇంట్లో దాన్ని ఉప్పు పెట్టె అంటారు. పంపు ఆగితే మిగతా రెండూ చేతులు కట్టుకుని కూర్చుంటాయి. అల్లుడు మూడింటికీ పగటిపూట ఒకే వేళ పెట్టి డిపోకి వెళ్ళాడు.

ఆ గది అత్తగారి కిటికీ కిందే ఉంది. మధ్యాహ్నం పంపు మొదలవగానే మామగారు లేచి కూర్చున్నారు. బేకరీ నడిపి, తెల్లవారకముందే లేచి బతికినవారు కాబట్టి పగటి కునుకు విలువ ఆయనకి తెలుసు. ఆపరేషనైన మనిషి, నిద్ర చెడుతుందని, రాత్రయితే ఎలాగూ మాత్ర వేసుకుని పడుకుంటుందని, వెళ్ళి పంపు వేళని రాత్రికి మార్చారు. హీటర్ చప్పుడు చెయ్యదు, దాని జోలికి పోలేదు. అల్లుడికి చెబుదామనుకున్నారు. చెబితే అతని పనికి వంక పెట్టినట్టవుతుందని ఊరుకున్నారు.

పగలంతా హీటర్ నీళ్ళ కోసం చూసింది. రాత్రంతా నీళ్ళు హీటర్ కోసం చూశాయి.

శుక్రవారం కూతురు నీళ్ళలో చెయ్యి పెట్టి వెంటనే తీసేసింది. ఉప్పు పెట్టె మీద 'ఉప్పు తక్కువ' అని ఎర్రదీపం వెలుగుతోంది. నీళ్ళు మరీ చల్లబడితే, ఉప్పు సరిపడా ఉన్నా ఆ దీపం వెలుగుతుందని ఆమెకి తెలియదు. ఉప్పు మరిచిపోయారంటే మొగుడు చిన్నబుచ్చుకుంటాడని తనే ఒక బస్తా పోసి, ఖాళీ సంచిని అలమర వెనక దాచింది.

దీపం ఆరలేదు. సాయంత్రం మామగారు వచ్చి, దీపం చూసి, దోసిట్లో నీళ్ళు రుచి చూశారు. నీళ్ళు ఆయనకి చప్పగానే తగిలాయి. ఒక బస్తా పోసి, సంచి దాచడానికి అలమర వెనక చెయ్యి పెడితే అక్కడ ఇంకో సంచి తగిలింది. పాత ఇంటివాళ్ళదనుకున్నారు. డిపో నుంచి వచ్చిన అల్లుడు మూడోది పోసి, ఖాళీ సంచిని చూడకుండానే అలమర వెనక్కి తోశాడు.

"కొలను ఎలా ఉందండీ?" రాత్రి భోజనాల దగ్గర కూతురు అడిగింది.

"భేషుగ్గా ఉంది," అన్నాడు అల్లుడు, చొక్కాకి అంటిన ఉప్పు దులుపుకుంటూ.

"మీ ఏర్పాటంటే ఏర్పాటే అల్లుడుగారూ!" అన్నారు మామగారు.

అత్తగారు ముగ్గురి మొహాలూ చూసింది. "ఇవాళ ఏమిటి, ఇంట్లో ఇంత మర్యాద?"

శనివారం అల్లుడు పంపు వేళ చూసి కొయ్యబారిపోయాడు. రాత్రి! బతుకంతా టైంటేబుళ్ళే అయినవాడు తన ఇంట్లో మూడు యంత్రాలని కలపలేకపోయాడు. ఎవరూ చూడకుండా సరిచేశాడు. మధ్యాహ్నానికి నీళ్ళు కాస్త వెచ్చబడ్డాయి. అప్పుడు ఉప్పు పెట్టె నిజం చెప్పింది: 'ఉప్పు ఎక్కువ'. చెప్పి, ఆగిపోయింది.

అల్లుడు చాటుకి వెళ్ళి మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"ఉప్పెక్కువైందా? అడుగు వాల్వు తిప్పి జానెడు నీళ్ళు తీసెయ్యండి. మిగతాది రేపొచ్చి చూస్తా."

అల్లుడు జానెడు తీశాడు. ఆ తర్వాత దీపం చూసిన కూతురు అదే నంబరుకి ఫోన్ చేసి, తనూ జానెడు తీసింది. ఆఖరున మామగారు వచ్చి, నీటిమట్టం తగ్గడం గమనించి సంతోషించారు. అల్లుడు పెట్టిన వేడికి ఆవిరైపోతున్నాయనుకున్నారు. దీపం మాత్రం ఆరలేదని ఆయనా ఫోన్ చేశారు.

"ఈరోజు ఇది మూడో కొలనండీ బాబూ," అన్నాడు మెకానిక్. "ఊరంతా ఉప్పే పోస్తున్నట్టుంది. జానెడు తీసెయ్యండి."

ఆదివారం పొద్దున ముగ్గురూ గట్టు మీద నిలబడ్డారు. నీళ్ళు సగానికి పడిపోయాయి. నీళ్ళు లాగే కంత గోడ మీద పొడిగా, నోరు తెరుచుకుని ఉంది. పంపు గాలి పీల్చి ఆగిపోయింది. దాంతో హీటరూ ఆగింది. నీళ్ళు గురువారం కంటే చల్లగా ఉన్నాయి.

"తప్పు నాదే," అన్నాడు అల్లుడు.

"కాదండీ, నాది," అంది కూతురు.

"మీ ఇద్దరూ ఊరుకోండి," అన్నారు మామగారు. తన తప్పేమిటో మాత్రం చెప్పలేదు.

అత్తగారు తువ్వాలు భుజాన వేసుకుని, కర్ర పట్టుకుని వచ్చింది. కొలను వైపు చూసింది. అల్లుడు తల దించుకున్నాడు. ఆవిడ కర్ర మామగారి చేతిలో పెట్టి, గోడకున్న కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగింది. నీళ్ళు నడుము దాకా వచ్చి ఆగాయి. ఆవిడ నడవడం మొదలుపెట్టింది.

"అమ్మా, చల్లగా లేవూ?"

"చల్లగానా? పళ్ళు టకటకలాడుతున్నాయే!"

"మరెలా దిగావు?"

"చలిదేముందే? నిండా ఉన్నప్పుడు గడ్డం దాకా వచ్చేట్టున్నాయి. లోతంటే నాకు హడలు. ఈ వయసులో ఆ మాట అల్లుడి ముందు చెప్పుకుంటానా?" అంది గొంతు తగ్గించి.

ఆ చివర దాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. రెండోసారి కమ్మీ వదిలేసింది. మోకాలు వంగింది. మామగారు చేతిలో కర్ర ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశారు.

మెకానిక్ వచ్చి కొలనునీ, అలమర వెనక మూడు సంచులనీ చూశాడు. "మీరు ముగ్గురూ ఒక ఇంట్లోనే ఉంటారాండీ?" అని అడిగాడు. నింపబోతే అత్తగారు ఒప్పుకోలేదు. వారానికి బెత్తెడు చొప్పున పెంచమంది. అతను కొంత ఉప్పునీళ్ళు తీసి, అన్నే మంచినీళ్ళు పోసి, పై కంత మూసి, అడుగు నుంచి నీళ్ళు లాగేట్టు పంపుని మార్చాడు. మూడు యంత్రాలూ మళ్ళీ పగటిపూట కలిసి నడిచాయి.

మర్నాడు మధ్యాహ్నం కిటికీ కింద పంపు మొదలైంది. మామగారు లేవబోయారు.

"ఎక్కడికి?"

"నీకు నిద్ర పట్టదని..."

"ఆ చప్పుడుంటేనే పట్టేది. గురువారం ఎవరో ఆపేస్తే టక్కున మెలకువ వచ్చేసింది."

అల్లుడు డిపోలో ఇప్పుడు ప్రతి టైంటేబుల్నీ రెండుసార్లు సరిచూసుకుంటాడు. పంపు వేళ మార్చింది తనేనని మామగారు ఇంకా చెప్పలేదు.