ఎవరికీ చెప్పకూడని నంబరు

మార్చి ముప్పయ్యొకటిన దయామణి వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి ఇంటిపన్ను కట్టేయాలి, పదింటికి వంకాయ కూర పొయ్యి మీద పెట్టాలి. ఆరేళ్ళ పన్ను బాకీ సాయంత్రం ఐదులోపు కడితే వడ్డీ మాఫీ. ఐదు దాటితే పంతొమ్మిది వేల వడ్డీ, ఆపైన కుళాయి కనెక్షన్ కట్.

భర్త ప్రకాశరావు చల్లపల్లిలో సహకార బ్యాంకు క్యాషియరుగా రిటైరై బందరులో స్థిరపడ్డాడు. ఇన్నేళ్ళూ డబ్బు సంగతి ఆమె చెవిన పడనివ్వలేదు. ఆయనకి డిమెన్షియా అని ఆరు నెలల కిందట గుడివాడలో డాక్టరు తేల్చాకే ఆమె బీరువా తెరిచింది. పన్ను నోటీసులన్నీ పెళ్ళి శుభలేఖలతో కలిసి, రబ్బరుబ్యాండు వేసుకుని భద్రంగా ఉన్నాయి. ఆయన్ని కసరకూడదు, తీయగా మాట్లాడాలి అని కూడా చెప్పాడు డాక్టరు. నలభై రెండేళ్ళు కసిరిన దయామణి ఆ రోజు నుంచీ గొంతు పెంచలేదు. ఆయన తడి తువ్వాలు మంచం మీద పడేసినా నవ్వుతూ తీసి ఆరేస్తోంది. ఆ నవ్వుకి ఎంత ఖర్చయిందో ఆమెకే తెలుసు.

డబ్బు బ్యాంకులో ఉంది. బయటికి తీయడమే కష్టం. ఏటీఎం పిన్ను ఆయనకి గుర్తులేదు. చెక్కు సంతకం కలవలేదని రెండుసార్లు వెనక్కొచ్చింది. మిగిలిన దారి, కార్డు నంబరు కొట్టి ఫోనులో కట్టడం. అందుకోసం నాగాయలంక నుంచి తమ్ముడు ఇస్సాకుని పిలిపించింది. రొయ్యల మేత కూడా ఫోనులోనే కొనే ఇస్సాకు, ఇది ఐదు నిమిషాల పని అన్నాడు. కార్డు నంబరు కొట్టాడు. ఓటీపీ ప్రకాశరావు ఫోనుకి వెళ్ళింది. ఫోను ఆయన చొక్కా జేబులో ఉంది, జేబుకి పిన్నీసు ఉంది.

"ఏవండీ, ఇప్పుడొచ్చిన నంబరు కాస్త చెప్తారా?" అంది దయామణి ఎంతో మెత్తగా.

ప్రకాశరావు జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. "చెప్పకూడదండీ."

పొద్దున తిన్న ఇడ్లీని మరిచిపోయే మనిషికి, నిరుడు పింఛనుదార్ల మీటింగులో పోలీసులు చెప్పింది మాత్రం పొల్లుపోకుండా గుర్తుంది. తీయగా మాట్లాడి ఓటీపీ అడిగేవాళ్ళని నమ్మకూడదు. దయామణి ఎంత తీయగా అడిగితే ఆయన కుర్చీ అంత వెనక్కి జరిగింది.

"బావగారూ, నేనండీ, ఇస్సాకుని. మీ బావమరిదిని."

"నా బావమరిదైతే అప్పు అడుగుతాడు. నంబరు అడగడు."

ఇస్సాకు లేచి చెప్పులేసుకున్నాడు. ఉక్రోషంతో వీధి చివర టీ కొట్టుకి వెళ్ళి, గొంతు మార్చి, బ్యాంకు మేనేజర్నంటూ బావగారికి ఫోను చేశాడు. ప్రకాశరావు మర్యాదగా విని, పెట్టేసి, మీటింగు రోజున గోడ క్యాలెండరు మీద రాసుకున్న పోలీసు నంబరుకి కొట్టాడు. దొంగ టీ కొట్టు నుంచి మాట్లాడుతున్నాడని, గ్లాసుల చప్పుడు వినిపించిందని ఆచూకీ కూడా ఇచ్చాడు. పట్టు వదలని ఇస్సాకు మధ్యాహ్నం దాకా మేనేజరుగా, ఆ తర్వాత రీజనల్ మేనేజరుగా ప్రయత్నిస్తూనే ఉన్నాడు. చైర్మన్ హోదాకి ఎదిగేసరికి కానిస్టేబుల్ హర్ష వెనక నుంచి భుజం మీద చెయ్యి వేశాడు.

నాలుగున్నరకి ఇస్సాకుని వెంటబెట్టుకుని హర్ష ఇంటికొచ్చాడు. వాళ్ళ వెనక టీ కొట్టు మొత్తం వచ్చింది. అతను తన తమ్ముడేనని దయామణి మొత్తుకుంది. హర్ష ప్రకాశరావు వైపు తిరిగాడు.

"ఈవిడ మీకేమవుతారు సార్?"

ప్రకాశరావు ఆమెని తేరిపార చూశాడు. "పాపం మంచావిడేనండీ. వేళకి మందులిస్తుంది. మా ఆవిడ మాత్రం కాదు. మా ఆవిడ ఇంత నెమ్మదిగా మాట్లాడదు."

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. దయామణికి నవ్వు రాలేదు. పంతొమ్మిది వేలు పోతే పోనీ, ఈ మనిషికి తను ఎవరో తెలియకపోతే ఎలా బతకాలి అనిపించింది. ఆమె ఆధార్ కార్డులో భర్త పేరు చూసి హర్ష ఇస్సాకుని వదిలేశాడు. నంబరు చెప్పమని మాత్రం తాను కూడా అడగకూడదన్నాడు. ప్రకాశరావు అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

ఐదుకి ఇంకా పావుగంట ఉంది. కళ్ళు తుడుచుకుందామని దయామణి గదిలోకి వెళ్ళింది. ఉతికి పరిచిన దుప్పటి మధ్యలో తడి తువ్వాలు ముద్దగా పడి ఉంది. ఆరు నెలల వైద్యం ఆ క్షణంతో సరి.

"తడి తువ్వాలు మంచం మీద వెయ్యద్దని ఎన్నిసార్లు చెప్పాలి మీకు? దండెం కనపడదా? మీకు చెప్పేకంటే ఆ గోడకి చెప్పుకోవడం నయం."

ప్రకాశరావు ముఖం వెలిగిపోయింది. గబగబా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావు దయా? ఎవరో ఆడమనిషి ఇంట్లో దూరి, నంబరు చెప్పమని పొద్దున్నుంచి ప్రాణం తీస్తోంది." పిన్నీసు ఊడదీసి ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీ దగ్గరుంచు. ఎవరికీ చెప్పకు."

దయామణి ఏడ్చింది. ఏడుస్తూనే, పనిలో పనిగా ఆరు నెలల బాకీ తిట్లన్నీ తిట్టింది. ఆయన ఆనందంగా తలూపుతూ విన్నాడు. ఇస్సాకు మళ్ళీ కార్డు నంబరు కొట్టాడు. ఐదుకి నాలుగు నిమిషాలుందనగా రసీదు వచ్చింది.

మర్నాటికి ఫోను మళ్ళీ పిన్నీసు వెనక్కి చేరింది. అప్పట్నుంచి కరెంటు బిల్లు కట్టాల్సిన రోజున తడి తువ్వాలు మంచం మీద దయామణే వేస్తోంది.