నమూనాలు ముట్టుకోరాదు

ఆ శనివారం పొద్దున్న గుసగుస వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్న పేపరు చదవడం పూర్తయ్యేలోగా కంప్యూటర్ ముందు కూర్చోవాలి, ఒక ఫైలుని క్లాసు టీచరుకి పంపాలి, ఎవరూ చూడకముందే లేచి రావాలి. మొత్తం మూడు నిమిషాల పని.

గుసగుసకి అసలు పేరొకటి బడి రిజిస్టరులో ఉంది. కానీ పద్నాలుగేళ్ళుగా ఆ పిల్ల మాట పక్కనున్న మనిషికి తప్ప ఆ పక్క మనిషికి వినబడలేదు కాబట్టి ఇంటా బయటా ఈ పేరే స్థిరపడిపోయింది. అలాంటి పిల్ల పేరే క్లాసులో వేసిన చీటీల్లో వచ్చింది. ఆదివారం సాయంత్రం బడి వార్షికోత్సవంలో, రెండు వందల మంది ముందు, "మా ఇంట్లో ఒకరు" అనే విషయం మీద ఆరు నిమిషాలు మాట్లాడాలి. నాలుగు రోజులు ఆమెకి అన్నం సయించలేదు. చివరికి టీచరే జాలిపడి, గొంతు రికార్డు చేసి శనివారం మధ్యాహ్నం పన్నెండులోగా పంపితే సభలో మైకులో వినిపిస్తానంది. పంపకపోతే మాత్రం వేదిక ఎక్కాల్సిందేనంది.

దుప్పటి ముసుగేసుకుని, ముప్పై ఏడుసార్లు తడబడి, ముప్పై ఎనిమిదోసారి గుసగుస ఆ ఉపన్యాసం పూర్తి చేసింది. ఇంట్లో ఎవరూ తెరవకుండా దానికి కంప్యూటర్ సొంత ఫైలులా కనబడే ఒక పేరు తగిలించి, లోపలి ఫైళ్ళ మధ్య దాచింది. అంతగా దాచడానికి కారణం ఉంది. ఆమె మాట్లాడింది నాన్న గురించి.

నాన్న ఒక పెద్ద ఆఫీసులో కొనుగోళ్ళ విభాగానికి సూపరింటెండెంటు. మూడు కొటేషన్లు, మూడు నమూనాలు, వాటి మధ్య ఒక పోలిక పట్టిక లేనిదే ఆ విభాగం గుండుసూది కూడా కొనదు. ఇంట్లోనూ అంతే. పెళ్ళయిన కొత్తలో అమ్మ, మీ ఆఫీసుని ఆఫీసులోనే తాళం వేసి రండని చెప్పి చూసింది. ఆయన తాళం వేసి, తాళంచెవితో పాటు ఆఫీసునీ వెంట తెచ్చుకున్నాడు.

గుసగుస ముఖం కడుక్కుని వచ్చేసరికి నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. పక్కన స్కేలు, రెండు రంగుల పెన్నులు, నిలువు గీతలు గీసిన తెల్ల కాగితం. ఆఫీసుకి సెలవు కూడా పెట్టేశాడట. గత నెల ఆయన కింద పనిచేసే గుమాస్తా ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ పట్టి పదేళ్ళ ఫోటోలు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటి నుంచి ఆయన ఇంటికి ఒక యాంటీవైరస్ కొనాలని విచారిస్తూనే ఉన్నాడు. ఎవరిని అడిగినా ఎవరిది వాళ్ళు గొప్పదన్నారు. చివరికి మూడు తేలాయి. ఎర్ర గుర్తుది ఒకటి, నీలం గుర్తుది ఒకటి, ఆకుపచ్చ గుర్తుది ఒకటి. మూడూ నెల రోజులు ఉచితంగా వాడి చూసుకోమన్నాయి.

ఇంకెవరైనా అయితే ఒకదాని తర్వాత ఒకటి వాడి చూస్తారు. నాన్నకి అది అన్యాయంగా తోచింది. ఆఫీసులో నమూనాలన్నీ ఒకే బల్ల మీద, ఒకే వెలుతురులో, ఒకేసారి పెట్టి చూస్తారు. ముందు వచ్చినదానికి ఎక్కువ వైరస్‌లు దొరికితే వెనక వచ్చినదాని గతేం కావాలి? అందుకని మూడింటినీ ఒకేసారి ఎక్కించేశాడు.

"నాన్నా, ఒక్క మూడు నిమిషాలు..." అంది గుసగుస.

"పోలిక జరుగుతున్నప్పుడు నమూనాలు ముట్టుకోకూడదు తల్లీ. పదిగంటలకల్లా తేలిపోతుంది."

ఎనిమిదిన్నరకి యుద్ధం మొదలైంది. ఎర్రది గంట మోగించి, నీలంది ప్రమాదకరమైన చొరబాటుదారు అని ప్రకటించింది. నీలంది ఒక ఆడగొంతుతో, ఎర్రది మీ కంప్యూటర్‌ని కబళిస్తోందని హెచ్చరించింది. నాన్న ఇద్దరి వాదనలూ పట్టికలో రెండు రంగుల్లో రాసుకున్నాడు. కంప్యూటర్ రొప్పడం మొదలుపెట్టింది. బాణం గుర్తుని ఒక మూల నుంచి ఇంకో మూలకి జరపాలంటే మధ్యలో ఒక కాఫీ తాగి రావచ్చు.

అమ్మ పళ్ళ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీకి తయారవుతూ, జడ అల్లుకుంటూనే వచ్చి చూసింది.

"ఎవరావిడ? ఇందాకటి నుంచీ మనింటికి ప్రమాదం, మనింటికి ప్రమాదం అంటోంది."

"నీలం గుర్తుది. మాట తీరు బాగుంది, రెండు మార్కులు వేశాను."

"మా దగ్గర ముగ్గురు డాక్టర్లున్నారండీ. ముగ్గురూ ఒకేసారి ఒకే నోట్లో చెయ్యి పెట్టరు," అంది అమ్మ. ఆమె మాట పట్టికలో ఏ గడిలోనూ ఇమడలేదు కాబట్టి నాన్న దాన్ని రాసుకోలేదు.

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నట్టు, పది కాబోతుండగా ఆకుపచ్చది నోరు విప్పింది. ఎర్రదాన్నీ నీలందాన్నీ రెండింటినీ పట్టుకెళ్ళి ఒక గదిలో పెట్టి గొళ్ళెం వేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఊపు మీద ఇంకొంచెం లోపలికి వెళ్ళి వెతికి, పేరు ఒకటీ లోపలి సరుకు ఇంకొకటీ అయిన అనుమానాస్పదమైన ఫైలొకటి దొరికిందని చెప్పి, దాన్నీ బంధించింది.

నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చూశావా. మిగతా రెండూ ఒకదాన్నొకటి తిట్టుకున్నాయే గానీ, నిజం దొంగని పట్టుకున్నది ఇదొక్కటే."

తెర మీద కనబడుతున్న ఆ దొంగ పేరు గుసగుస తన చేత్తో పెట్టిందే. ఇప్పుడు నోరు విప్పితే అది తన ఫైలని తెలిసిపోతుంది, తెలిస్తే తెరుస్తారు, తెరిస్తే నాన్న గురించి తను చెప్పినదంతా నాన్నే వింటాడు. విప్పకపోతే ఫైలు పోతుంది, రేపు సాయంత్రం రెండు వందల మంది ముందు నిలబడాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. గడియారం పది దాటింది.

"నాన్నా, దాన్ని మాత్రం..." అంది.

"తుడిచెయ్యను తల్లీ, భయపడకు. సాక్ష్యం కదా."

సాక్ష్యం అన్నాక దాన్ని సరఫరాదారు మాట మీద నమ్మకూడదు. బయటి నిపుణుడు పరీక్షించి ధ్రువీకరించాలి. ఆఫీసు నియమం అది. కాబట్టి నాన్న ఆ ఫైలుని గదిలోంచి జాగ్రత్తగా బయటికి తీసి, ఆఫీసు కంప్యూటర్ విభాగంలో ఉండే ఇంజనీరమ్మకి ఉత్తరంతో సహా పంపాడు. "ఇందువెంట జతపరచిన వైరస్‌ను పరిశీలించి తమ అభిప్రాయం తెలుపవలసిందిగా ప్రార్థన."

ఇక్కడ ఆ ఆఫీసు అలవాటొకటి చెప్పాలి. అక్కడ ఏ ఉత్తరం రాసినా అడుగున, ప్రతులు వీరికి అని ఒక జాబితా ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు తనకి ప్రతి అందలేదని అలిగినందువల్ల ఆ జాబితా ఏటేటా పెరగడమే తప్ప తరిగింది లేదు. ఇప్పుడు అందులో డైరెక్టరు మొదలుకుని మూడు వందల పన్నెండు పేర్లున్నాయి. నాన్న ఉత్తరం రాస్తే ఆ జాబితాని చెయ్యి దానంతట అదే పెట్టేస్తుంది. రొప్పుతున్న కంప్యూటర్‌లో ఆయన అది పంపేసరికి పదకొండు దాటింది. మూడు వందల పన్నెండు మందికి వైరస్ వెళ్ళిందన్న సంగతి ఆయనకి తట్టలేదు. ప్రతి అందనివాళ్ళు ఎవరైనా మిగిలారా అని మాత్రం ఒకసారి సరిచూసుకున్నాడు.

ఇంజనీరమ్మ పనిమంతురాలు. అరగంటలో ఆ ఫైలు ముసుగు తీసేసింది. పద్ధతి ప్రకారం ఆమె కూడా జవాబు ప్రతులు జాబితాలో ఉన్న అందరికీ పంపింది. అది వైరస్ కాదనీ, ఎవరో అమ్మాయి మాట్లాడిన ఆరు నిమిషాల రికార్డనీ, అనుమానం తీరేందుకు వినదగిన రూపంలోకి మార్చి జతచేస్తున్నాననీ రాసింది. తర్వాత నాన్నకి ఫోన్ చేసి, ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటే మీరు మూడు దూర్చారేమిటండీ అని మెల్లగా మందలించింది.

నాన్న జతచేసినదాన్ని నొక్కాడు. డ్యూటీకి బయలుదేరబోతున్న అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. గుసగుస తలుపు వెనక్కి జరిగింది.

దుప్పటి కింది గొంతు మరీ చిన్నది. నాన్న శబ్దం ఆఖరిదాకా పెంచి, చెవి స్పీకరు పెట్టె దగ్గర పెట్టుకున్నాడు.

"మా నాన్న బకెట్ కొనడానికి పదకొండు రోజులు పట్టింది," అంటోంది ఆ గొంతు. "మూడు బకెట్లు తెచ్చి నీళ్ళు పోసి, పెన్సిలుతో గీత గీసి, పొద్దున్నే ఏ గీత దిగిందో చూసేవాడు. మూడూ పరీక్షలో ఉన్నాయి కాబట్టి ఆ పదకొండు రోజులూ మేము అన్నం గిన్నెతో స్నానం చేశాం."

అమ్మ నవ్వు రాకుండా పెదవులు బిగించింది.

"నాకు ఆరేళ్ళప్పుడు మెట్ల మీంచి పడి చెయ్యి విరిగింది. నాన్న నన్ను ఎత్తుకుని, కాళ్ళకి ఏమీ వేసుకోకుండా పరుగెత్తాడు. మొదట కనబడిన డాక్టరు బోర్డు చూసి లోపలికి వెళ్ళిపోయాడు. అది పశువుల ఆసుపత్రి. పాపం ఆయన తనకి తెలిసినట్టు కట్టు కట్టాడు. తర్వాత ఎముకల డాక్టరు దాన్ని విప్పి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. నేను రెండుసార్లు ఏడ్చాను. నాన్న మూడుసార్లు. ఆ ఒక్కరోజే ఆయన ఎవరినీ అడక్కుండా, దేనితోనూ పోల్చకుండా ఎంచుకున్నాడు. ఈ మూడు కొటేషన్లు మా ఇంట్లోకి వచ్చింది ఆ రోజు నుంచేనేమో అని నాకు అనుమానం."

గుసగుసకి తెలియని సంగతి ఒకటుంది. ఆఫీసు ఇంటికి వచ్చింది అంతకు చాలా ఏళ్ళ ముందే. కానీ బకెట్లలో నీళ్ళు పోసి గీతలు గీయడం మాత్రం నిజంగా ఆ తర్వాతే మొదలైంది. అమ్మకి అది ఇప్పుడే వెలిగినట్టుంది, భుజానున్న సంచీ తీసి కింద పెట్టింది.

రికార్డులో చివరి వాక్యం ఎవరికీ వినబడలేదు. అక్కడికొచ్చేసరికి గుసగుస గొంతు పూర్తిగా లోపలికి పోయింది. "నా చెయ్యి ఎప్పుడో అతుక్కుంది నాన్నా, నువ్వింక భయపడక్కర్లేదు" అన్నది ఆ వాక్యం. నాన్న రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. రెండుసార్లూ గాలి తప్ప ఏమీ రాలేదు.

"చివర్లో ఏమన్నావు తల్లీ?" అన్నాడు ఇటు తిరక్కుండానే.

గుసగుస నోరు తెరిచింది. అంతలో ఫోన్ మోగింది. డైరెక్టరు గారు. ఉద్యోగానికి నీళ్ళు వదులుకోవడానికి సిద్ధపడి నాన్న నిలబడి మాట్లాడాడు. చూస్తుండగానే ఆయన ముఖంలో రంగు మారింది. డైరెక్టరు గారు ఉపన్యాసం మొత్తం విన్నారట. సెక్షన్లన్నీ పని ఆపి విన్నాయట. ఆ పశువుల డాక్టరు చిరునామా ఏమైనా ఉందా అని అడిగారట, తమ కుక్క వారం నుంచి కుంటుతోందట.

"ఇంకో ఇద్దరివి కూడా పంపిస్తానండీ, పోల్చి చూసుకోవచ్చు," అని నాన్న ఫోన్ పెట్టేశాడు.

అప్పటికి పన్నెండు దాటి పది నిమిషాలైంది. మూడు వందల పన్నెండు మంది విన్న ఉపన్యాసం, వినాల్సిన ఒక్క టీచరుకి మాత్రం అందలేదు. ఆమె పేరు జాబితాలో లేదు. సంగతంతా అమ్మ గుసగుస నోట ముక్కలు ముక్కలుగా రాబట్టింది. నాన్న గబగబా కొత్త కాగితం తీసుకుని, గడువు పొడిగించవలసిందిగా టీచరుకి ఉత్తరం మొదలుపెట్టాడు. ప్రతులు మాత్రం వద్దని అమ్మ చెయ్యి పట్టుకుంది.

ఉత్తరం అవసరం లేకుండానే టీచరు ఫోన్ చేసింది. నాన్న జరిగింది చెప్పాడు, తప్పంతా తనదేనన్నాడు. టీచరు నవ్వి, కంగారు పడొద్దనీ, సాయంత్రంలోగా పంపినా మైకువాళ్ళకి ఇచ్చేస్తాననీ అంది. నాన్న ఊపిరి పీల్చుకుని గుసగుస వైపు చూశాడు. గండం గడిచిందన్నట్టు తలూపాడు.

గుసగుస పెట్టె వైపు చూసింది. మైకులో ఎంత పెంచినా ఆ చివరి వాక్యం గాలిలాగే వినబడుతుంది. నాన్న ముందు వరుసలో కూర్చుని, చెవి ముందుకి వంచి, ఏమన్నావని మళ్ళీ అడుగుతాడు. మూడు వందల పన్నెండు మంది విన్నారు, ఆకాశం ఊడి పడలేదు. ఇంకో రెండు వందల మంది ఒక లెక్కా?

ఆమె వచ్చి నాన్న చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"వద్దు టీచర్. రేపు నేనే మాట్లాడతాను," అంది. ఆ మాట గుమ్మంలో ఉన్న అమ్మకి కూడా స్పష్టంగా వినబడింది.

నాన్న చేతిలోని కలం కాగితం మీద కాసేపు తచ్చాడింది, ఎవరినీ అడగకుండా జరిగిపోయిన నిర్ణయాన్ని ఏ గడిలో రాయాలో ఆయనకి తెలియలేదు.